నైట్‌హాల్ట్ బస్సును మేం కాపాడిన తీరు

ఈ మధ్య కొత్తగా స్టీరింగ్ పట్టిన కుర్రాళ్ళు కొందరు డిపో ముందు టీ కొట్టు దగ్గర నన్ను పట్టుకుని, "బాబాయ్, నీ సర్వీసులో మర్చిపోలేని రోజేది?" అని అడిగారు. బ్రేకులు ఫెయిలైన కథో, వాగులో బస్సు ఇరుక్కున్న కథో చెబుతానని ఆశపడ్డారు పాపం. నా సర్వీసులో బ్రేకులెప్పుడూ ఫెయిల్ కాలేదు నాయనా, ఒకసారి మేం వేసిన ఎత్తు మాత్రం బ్రహ్మాండంగా పారి ఫెయిలైంది అన్నాను. కథ సగంలో ఉండగా వాళ్ళ డ్యూటీ టైమైపోయింది. మిగతా సగం వాళ్ళ కోసం, అసలు వినని మీ కోసం మొదటి నుంచీ రాస్తున్నాను.

నాది గుంటూరు జిల్లా. డ్రైవరు ఉద్యోగం వచ్చి హైదరాబాదులో వేస్తే, ఒక ఏడాది చూసి బదిలీ పెట్టుకుందామని దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదుల ఇంట్లో దిగాం. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు. పిల్లల చదువులు ఇక్కడే, రేషన్ కార్డు ఇక్కడే, నా షుగరు మందులు కూడా ఇక్కడే. మా ఆవిడ మాత్రం పుట్టింటికి ఫోన్ చేసినప్పుడల్లా "సెలవులకి ఇంటికి వస్తాం" అనేది. ఇల్లు ఇదే కదా, అది ఊరు అని నేను దిద్దేవాణ్ణి. అలా ఎన్నేళ్ళు దిద్దానో నాకే గుర్తులేదు.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో నాది నైట్‌హాల్ట్ డ్యూటీ. నైట్‌హాల్ట్ అంటే ఊళ్ళో పడుకునే బస్సు. సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి, ఎల్బీనగర్, హయత్‌నగర్ దాటి, హైవే దిగి, నల్లగొండ వైపు ఒక పల్లెలో ఆగిపోతుంది. తెల్లవారగానే అక్కణ్ణుంచి జనాన్ని ఎక్కించుకుని పట్నం వస్తుంది. నా కండక్టరు నల్లగొండ జిల్లా వాడు, నాకంటే చిన్నవాడు, ఉద్యమమంటే ప్రాణం. అందరు కండక్టర్లూ "రైట్ రైట్" అంటే ఇతను "జై తెలంగాణ, రైట్ రైట్" అనేవాడు. మొదటి దానికి కాకపోయినా రెండోదానికి నేను బస్సు కదిలించాలి కదా, కదిలించేవాణ్ణి.

"తెలంగాణ వస్తే నన్ను పంపించేస్తావా తమ్ముడూ?" అని అడిగితే, "నిన్నెట్ల పంపుతమన్నా? గీ తొవ్వల గుంతలు నీకు తప్ప ఎవ్వనికెర్క?" అనేవాడు. మా మధ్య ఉద్యమం ఆ మాత్రంగానే సాగింది.

ఆ ఊరికి బస్సు వేసిన రోజున కొబ్బరికాయలు కొట్టారట, బానెట్‌కు పసుపు పూశారట. ఊళ్ళో పిల్లలంతా పట్నం పోయి అక్కడే పడిపోతున్నారు, బస్సుంటే పొద్దున పోయి పని చేసుకుని రాత్రికి ఇంటికొస్తారు అని ఊరి పెద్దలు తిరిగి తిరిగి సాధించుకున్న బస్సది. నేను ఆ డ్యూటీ ఎక్కిన కొత్తలో నిలబడ్డానికి చోటుండేది కాదు. తర్వాత ఒక్కొక్కరే కనబడకుండా పోవడం మొదలుపెట్టారు.

ఒకతను సెంట్రింగ్ మేస్త్రీ. నాగోలు వైపు అపార్టుమెంట్లు లేస్తున్న కాలం. స్లాబు పోయడం మొదలైతే మధ్యలో ఆపరు, మా బస్సేమో ఆగదు. కొన్నిసార్లు సైటులోనే ఇసక మీద పడుకున్నాడు, చివరికి ఎల్బీనగర్ వెనక ఒక గది కిరాయికి తీసుకున్నాడు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో హమాలీ పని చేసే ఇద్దరన్నదమ్ములు మామిడికాయల రోజుల్లో పట్నంలోనే ఆగిపోయారు, ఎందుకంటే మా బస్సు చేరేసరికి లారీలు ఖాళీ అయిపోయేవి. సైదాబాదులో బట్టలు కుట్టే ఒకతను పండగ కుట్టుపని కోసం ఆగి, పండగ వెళ్ళినా రాలేదు. కోచింగ్‌కు వచ్చే ఒకమ్మాయి, పాఠం మధ్యలో లేచి బస్సుకు పరిగెత్తడం నామోషీగా ఉందని హాస్టల్లో చేరింది. ఇంకో కుర్రాడికైతే పిల్లనిచ్చేవాళ్ళు, "పట్నంల ఉంటడా, ఊరికెంచి పోయొస్తడా?" అని అడిగారట. పోయొస్తాడని తెలిసి సంబంధం వదులుకున్నారు. ఆ తర్వాత అతనూ పోయి రావడం మానేశాడు.

పట్నాలు ఎందుకు పెరుగుతాయో పెద్దవాళ్ళు పెద్ద కారణాలు చెబుతారు. కరువులంటారు, కంపెనీలంటారు. అవీ నిజమే అయ్యుంటాయి. డ్రైవరు సీటు నుంచి నాకు కనబడింది మాత్రం చాలా చిన్న సంగతి. పని ముగిసే వేళకూ ఆఖరి బస్సు కదిలే వేళకూ మధ్య కాస్త తేడా. ఎల్బీనగర్ వెనక బస్తీకి బస్తీ పుట్టింది ఆ తేడాలోనే. జనాన్ని ఊళ్ళో నిలబెట్టడానికి వేసిన మా బస్సే వాళ్ళకు పట్నం దారి అలవాటు చేసింది. ఇక ఆ దారిన తిరిగొచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

మిగిలినవాళ్ళలో ముఖ్యురాలు ఆకుకూరలమ్మే ఆమె. ఇందాకటి సెంట్రింగ్ మేస్త్రీ భార్య. బావి కింద చిన్న మడి ఉంది. చీకటితో లేచి పాలకూర, కొత్తిమీర, మా వైపు గోంగూర అనే పుంటికూర కోసి, తడి గోనెపట్టా కప్పి, నా పక్కన బానెట్ దగ్గర గంపలు పెట్టుకుని కూర్చునేది. కొత్తపేట రైతుబజారులో అమ్ముకుని సాయంత్రం మా బస్సులోనే తిరిగొచ్చేది. నిత్యం ఎక్కే మనిషైనా అడక్కుండా టికెట్టు కొట్టకూడదని మా కండక్టరు నియమం. పొద్దున "ఎక్కడికి అక్కా?" అంటే "బజారుకు" అనేది. సాయంత్రం అడిగితే "ఇంటికి" అనేది. ఆ రెండు మాటలతో మా డ్యూటీ మొదలై ముగిసేది.

ఒకసారి నేనే అడిగాను, "ఆయనొక్కడూ అక్కడ వండుకు తింటున్నాడు. నువ్వూ వెళ్ళిపోరాదా చెల్లెమ్మా?"

"పోతే నా మడి ఎవ్వలు చూస్తరన్నా? పొద్దుగాల కొయ్యాలె, పొద్దుగాలనే అమ్మాలె. బస్సు ఉన్నన్ని దినాలు ఊర్లనే ఉంట. బస్సు బందైందంటే నా మడి బందు. ఇగ నేను గూడ పట్నంల పడుడే."

ఆ మాట అన్న కొద్ది రోజులకే డిపోలో గుసగుస మొదలైంది. సీట్లు నిండటంలేదు కాబట్టి నైట్‌హాల్ట్ ఎత్తేస్తారట. దానికి ముందు పైనుంచి ఒక సారు వచ్చి, సాయంత్రం ట్రిప్పూ మర్నాడు పొద్దున ట్రిప్పూ స్వయంగా ఎక్కి చూస్తారట. ఆ మాట విన్నాక నాకు అన్నం సహించలేదు. ఆమె మడి పోతుందన్న బాధ ఒకటి, బానెట్ పక్కన కొత్తిమీర వాసన లేకుండా బస్సు నడపడం నాకు చేతకాదన్న బాధ ఇంకొకటి.

కండక్టరుకు మాత్రం మొహం వెలిగిపోయింది. "అన్నా, మనూరోళ్ళు ఊర్ల లేకపోతేంది? ఎల్బీనగర్ల ఉన్నరు గద. సారు ఒచ్చిన దినం అందరినీ ఎక్కిద్దాం."

"అది మోసం కాదటయ్యా?"

"టికెట్టు కొంటరు, ఊరికి పోతరు, పండుకుంటరు. తెల్లారి మల్ల టికెట్టు కొని పట్నమొస్తరు. గీండ్ల మోసమేడుంది? చెప్పు."

ఎంత వెతికినా నాకు మోసం కనబడలేదు. మూడు రోజులు అతను డ్యూటీ దిగాక బస్తీలన్నీ తిరిగాడు. మేస్త్రీకి చెప్పాడు, హమాలీలకు చెప్పాడు, దర్జీకి, ఆటోవాళ్ళకు, అపార్టుమెంట్ల వాచ్‌మన్లకు చెప్పాడు. అందరూ సరేనన్నారు. తమ ఊరి బస్సు పోతుందంటే పట్నంలో ఉన్నవాళ్ళకే ఎక్కువ రోషం వచ్చింది.

సారు వచ్చిన సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోనే సీట్లన్నీ నిండాయి. సారు ముందు సీట్లో, ఒళ్ళో బ్యాగుతో సర్దుకుని కూర్చున్నారు. ఎల్బీనగర్ చౌరస్తాలో ఆపితే మా మేస్త్రీ బలగం మొత్తం రోడ్డు మీదే ఉంది. లోపలికి తోసుకొచ్చిన జనంతో సారు కళ్ళజోడు పక్కకు జరిగింది.

"రోజూ ఇంత రద్దీయేనా?" అని అడిగారాయన.

"ఇయ్యాల జర తక్కువుంది సార్," అన్నాడు కండక్టరు. అద్దంలో నా వైపు చూడనే లేదు, చూస్తే నవ్వేస్తాడని తెలుసు.

నేను ఊహించనిది ఇంకోటి జరిగింది. వాళ్ళంతా పట్నంలో పక్క పక్క గల్లీల్లో ఉంటూ కూడా ఒకరినొకరు చూసుకుని ఏళ్ళైందట. బస్సులో చూసుకున్నారు. "ఏందిరా, గింత లావైనవ్?" "నీ బిడ్డ గింత పెద్దగైందా?" అంటూ ఒకటే గోల. ఊరు చేరేసరికి అది పెళ్ళి బస్సులా ఉంది. దిగినవాళ్ళను చూసి ఊరు ఊరంతా బయటికొచ్చింది. ఇంటింటా కోడి కూత ఆగిపోయింది. సారుకు పంచాయతీ ఆఫీసులో మంచం వేశారు, ఆయన వంతు కోడికూరా వచ్చింది. అంతా రొట్టె విరిగి నేతిలో పడ్డట్టే ఉంది. అప్పుడెవరో టీవీ పెట్టారు. రేపు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు, హైవే బంద్ అని వార్త.

వంటావార్పు అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాలి. ఉద్యమం రోజుల్లో నిరసనగా రోడ్డు మధ్యలోనే రాళ్ళతో పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే వడ్డించేవారు. తినేవాళ్ళు తింటున్నంతసేపూ బండ్లు కదలవు. దానికి మా కండక్టరు ఎప్పుడూ ముందుండేవాడు. ఆ రోజు మాత్రం టీవీ వైపు చూస్తూ నోటి దగ్గరి ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

తెల్లారింది. రోడ్డు మూసేలోపు చౌరస్తా దాటేద్దామని తొందరగా బస్సు తీసి హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. మళ్ళీ కొట్టాను. కుక్క ఒకటి వచ్చింది. కండక్టరు ఇల్లిల్లూ తిరిగొచ్చాడు.

"ఏమంటున్నారు తమ్ముడూ?"

"హైవే బందంటనే, పనే ఉండకపాయె, పోయి ఏం జెయ్యాలె అంటున్నరు. ఒకడు సర్వపిండి తిని పోతడంట. ఇంకొకడు ఉద్యమానికి మద్దతని పండుకుండు." కాస్త ఆగి, "గా మాటకు నేనేమనాలె అన్నా? జై తెలంగాణ అనుకుంటనే దుప్పటి కప్పుకుండు," అన్నాడు. నవ్వాలో ఏడవాలో అతనికి తెలియలేదు. నేను మాత్రం స్టీరింగ్ మీద తలపెట్టి నవ్వాను.

చివరికి మేస్త్రీ కూడా, ఇన్నాళ్ళకు వచ్చాను కదా మడికి నీళ్ళు పెట్టి వస్తానని ఆగిపోయాడు. బస్సులో ముగ్గురం ఉద్యోగులం, ఒక్కగానొక్క ప్రయాణికురాలు, రెండు గంపల ఆకుకూర.

"నిన్న వచ్చినవాళ్ళంతా ఏరి?" అన్నారు సారు.

"లేవలే సార్," అన్నాడు కండక్టరు. అతను నిజం చెప్పడం అదే మొదలు ఆ రెండు రోజుల్లో.

ఎంత తోలినా చౌరస్తా దాటలేకపోయాం. అప్పటికే రోడ్డు మధ్యలో పొయ్యిలు అంటుకున్నాయి, డప్పు మోగుతోంది, పెద్ద పెద్ద గిన్నెల్లో ఎసరు మరుగుతోంది. మా ముందు లారీలు, వెనక లారీలు. ఎండెక్కుతోంది. ఆమె గోనెపట్టా ఎత్తి ఆకును తాకి చూసి మళ్ళీ కప్పింది. బజారు దాకా మోసుకుపోదామంటే అక్కడ దుకాణాలన్నీ మూతేసి ఉన్నాయన్నారు.

"ఇగ వాడిపోతయన్నా," అని లేచింది. గంప నెత్తినెత్తుకుని పొయ్యిల దగ్గరకు పోయి, వండుతున్న ఆడవాళ్ళ ముందు దించింది. "పప్పుల వేసుకోన్రి. వాడిపోయినంక ఎవ్వలికొద్దు."

వాళ్ళు సంబరపడ్డారు. కండక్టరు అప్పటికే వాళ్ళలో కలిసిపోయాడు. నేను మాత్రం స్టీరింగ్ వదల్లేదు. భయం వేసిందని చెప్పడానికి నాకిప్పుడు సిగ్గేమీ లేదు. ఆ గుంపులో గుంటూరు మాటతో నోరు తెరిచేదెలా అనుకున్నాను. ఒక కుర్రాడు కిటికీ దగ్గరకు వచ్చి, "అన్నా, దిగు, తిందువు. మీదే ఊరు?" అన్నాడు. చెప్పక తప్పలేదు, చెప్పాను. ఆ కుర్రాడు వెనక్కి తిరిగి గుంపు వైపు చూశాడు. అప్పుడు మా కండక్టరు పొయ్యి దగ్గర నుంచే గట్టిగా అన్నాడు.

"మా డ్రైవరన్న గాయన. పుంటికూర ఉంది చూడున్రి గంపల, గది ఆయనకు ఇడిసిపెట్టున్రి. గుంటూరోళ్ళ కంటె మంచిగ ఎవ్వలు వండుతరు?"

అందరూ నవ్వారు. నాకు గరిటె ఇచ్చారు. హైవే మధ్యలో, లారీల వరస ముందు, నేను గోంగూర వండాను. ఎండుమిరపకాయలు నాకు చాలినన్ని వేస్తుంటే ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఉద్యమంలో నేను పాల్గొన్నది అదొక్కరోజే, అందులో నా వాటా ఉప్పూ కారం.

సారు కూడా దిగక తప్పలేదు. విస్తరాకులో అన్నం, పప్పు, నా గోంగూర. రెండోసారి వడ్డించుకున్నాక ఆయన మొహంలో కాస్త కళ వచ్చింది. ఆమె ఆయన పక్కనే చతికిలబడి కూర్చుంది.

"సారూ, నా బస్సు బంద్ చెయ్యొద్దు."

"ఎక్కేవాళ్ళు లేరు కదమ్మా. అందరూ సిటీకి వచ్చేశారు. నువ్వూ వచ్చెయ్యొచ్చుగా?"

"అందరం ఒస్తే మీరేం తింటరు సారూ?" అంది ఆమె. కోపంగా కాదు, లెక్క అడిగినట్టు.

ఆయన తన విస్తరి వైపు చూసుకున్నారు. పాలకూర పప్పు, గోంగూర, మీద కొత్తిమీర. అన్నీ ఆమె గంపవే. "నీ బస్సు తియ్యనమ్మా. మాట ఇస్తున్నాను," అన్నారు. ఆ మాటకు కండక్టరు నా వీపు మీద ఒక్కటిచ్చాడు, గరిటె గిన్నెలో పడింది.

కొన్ని వారాలకు ఆర్డరు వచ్చింది. ఆ ఊరి బస్సు కొనసాగుతుంది. డిపోలో మిఠాయి పంచాం. తింటూ తింటూ కండక్టరు కింది వాక్యం చదివాడు. నగరం నుంచి గ్రామానికి వెళ్ళేవారి రద్దీ ఎక్కువగానూ, గ్రామం నుంచి నగరానికి రద్దీ లేకుండానూ ఉన్నందున నైట్‌హాల్ట్ రద్దు. ఇకపై బస్సు ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో బయలుదేరి, సాయంత్రం నాలుగింటికి ఊరి నుంచి తిరిగి వస్తుంది.

వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది. పొద్దున ఆకు కోసుకుని పట్నం రావడానికి ఇక ఆమెకు బస్సు లేదు. సారు దగ్గరకు పరిగెత్తితే ఆయన సంతోషంగా ఎదురొచ్చి, "మాట నిలబెట్టుకున్నాను చూశారా?" అన్నారు. కళ్ళారా చూసిందే రాశారాయన. మా ఎత్తును తిప్పి మా చేతికే అప్పగించారు. దండం పెట్టి వచ్చేశాం.

విచిత్రమేమిటంటే ఆ తిరగేసిన బస్సు నిండటం మొదలైంది. ఊరి బడిలో చెప్పే టీచర్లు, అక్కడి నర్సమ్మ, పంచాయతీ ఉద్యోగి, అందరి కాపురాలూ పట్నంలోనేనని మాకు అప్పుడు తెలిసింది. ఊళ్ళో పనికి పట్నం నుంచి పోయొచ్చేవాళ్ళు అంతమంది ఉన్నారు. వాళ్ళు ఎక్కుతున్నకొద్దీ నాకు దిగులెక్కువైంది. బానెట్ పక్క చోటు ఖాళీ. మధ్యాహ్నం ఊళ్ళో ఆగినప్పుడు ఆమె గురించి అడిగితే, ఇంటికి తాళమేసి ఎల్బీనగర్ పోయిందన్నారు. కండక్టరు ఆ రోజు "జై తెలంగాణ" కూడా నెమ్మదిగా అన్నాడు.

ఆ తర్వాత ఒక సోమవారం పొద్దున ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు ఆపాను. టీచర్ల మధ్యలోంచి రెండు ఖాళీ గంపలు ముందుగా లోపలికొచ్చాయి, వాటి వెనక ఆమె. గంపలు బానెట్ పక్కన పెట్టి, ఎప్పటిలాగే కూర్చుంది.

"ఎక్కడ పోయినవక్కా?" అన్నాడు కండక్టరు.

"యాడికి పోత? ఆయన గదిల ఉన్న. పొద్దుగాల ఊరికి పోత, మడి చూసుకుంట, కోస్త, మీ బస్సుకే ఒస్త, పొద్దుగూకే యాళ్ళకు దిల్‌సుఖ్‌నగర్ల అమ్ముత. ఆఫీసులకెంచి పోయేటోళ్ళు మస్తు కొంటరంట." నా వైపు తిరిగి, "అప్పుడు గింత ఆలోచన తోచలే డ్రైవరన్నా. బస్సు తిరిగింది, నేను గూడ తిరిగిన," అంది.

కండక్టరు మిషను చేతిలోకి తీసుకుని, నియమం ప్రకారం అడిగాడు, "ఎక్కడికి అక్కా?"

"ఇంటికి."

నాలుగింటికి ఊరి నుంచి తిరిగొస్తుంటే గంపలు నిండుగా ఉన్నాయి, బస్సంతా కొత్తిమీర వాసన. అతను మళ్ళీ అడిగాడు. ఆమె మళ్ళీ "ఇంటికి" అంది.

"పొద్దుగాల గూడ ఇంటికే అంటివి గద?"

"పొద్దుగాల ఇంటికే పోయిన. ఇప్పుడు గూడ ఇంటికే పోతున్న. టికెట్టు కొట్టు."

అతను కొట్టాడు. "జై తెలంగాణ, రైట్ రైట్," అన్నాడు గట్టిగా. నేను బస్సు తీశాను.

ఆ సాయంత్రం డ్యూటీ దిగి, ఆమె ఇచ్చిన గోంగూర కట్టతో మా రెండు గదులకు చేరేసరికి మా ఆవిడ వాళ్ళన్నయ్యతో ఫోన్లో ఉంది. "ఈసారి సెలవులకి తప్పకుండా ఇంటికి వస్తాం అన్నయ్యా," అంటోంది. నన్ను చూసి మాట ఆపింది, నేను దిద్దుతానని. నేను గోంగూర కట్ట ఆమె చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాను.